రెండోసారి తలుపు తట్టడం

ఆశా కార్యకర్త చేతిలో ఉండే, జబ్బుల ముప్పును అంచనా వేసే సీబ్యాక్ ఫారంలో అరవై దాటినవాళ్ళ కోసం ఒక ప్రశ్న ఉంది: మీ దగ్గరివాళ్ళ పేర్లు గానీ, సొంత ఇంటి చిరునామా గానీ మరిచిపోతున్నారా? ఆశ అడుగుతుంది. పెద్దావిడ నవ్వి ఊరుకుంటుంది. పక్కనున్న కోడలు "వయసు మీద పడింది కదక్కా, కాస్త చాదస్తం" అంటుంది. అవును అన్న గడిలో టిక్కు పడుతుంది. ఆ టిక్కు తర్వాత తను చేయవలసిన పనేమిటో ఆ కార్యకర్తకు ఎవరూ చెప్పి ఉండకపోతే ఆ మధ్యాహ్నపు ఎండలో ఆమె పడ్డ శ్రమంతా ఒక కాగితం నింపడంతోనే అయిపోతుంది.

ఈ అధ్యాయం ఆ చెప్పవలసినవాళ్ళ కోసం. మీరు పుదుచ్చేరిలో ఏ పట్టణ ఆరోగ్య కేంద్రంలోనో వైద్యాధికారి కావచ్చు, స్టాఫ్ నర్సు కావచ్చు, పేటలో వృద్ధుల కోసం పనిచేసే చిన్న సంస్థ నడుపుతూ ఉండవచ్చు. పదిమంది కార్యకర్తలను కూర్చోబెట్టి డిమెన్షియా గురించి నేర్పాలని మీకు అనిపించింది. నేను చెప్పేది ఒక్కటే. జబ్బును గుర్తించడం నేర్పడం తేలిక. గుర్తించిన ఇంటికి మళ్ళీ వెళ్ళడం, వెళ్ళి ఏదో ఒక మేలు చేసి రావడం నేర్పడమే కష్టం. మీ శిక్షణ సమయంలో ముప్పాతిక వంతు ఆ రెండోసారికే కేటాయించండి.

తేలిక అని ఊరికే అనడం లేదు. కేరళలో డాక్టర్ కె.ఎస్. షాజీ, ఆయన సహచరులు స్థానిక ఆరోగ్య కార్యకర్తలకు కొద్ది గంటల పాటు చెప్పి, తమ పరిధిలో డిమెన్షియా ఉండవచ్చని తోచినవాళ్ళ జాబితా ఇమ్మన్నారు. తర్వాత డాక్టర్లు వెళ్ళి పరీక్షిస్తే ఆ జాబితాలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి నిజంగానే జబ్బు ఉంది. 2002లో వచ్చిన ఫలితం అది. ఏళ్ళ తరబడి ఆ వీధుల్లో తిరిగిన మనిషికి, ఏ ఇంట్లో ఎవరు ముందులా లేరో ముందే తెలుసు. మీరు దానికి ఒక పేరు ఇస్తారు, అంతే.

రెండో సగం, అంటే గుర్తించిన ఇంటికి మళ్ళీ వెళ్ళడం, గోవాలో జరిగింది. డాక్టర్ అమిత్ డయాస్ బృందం తిస్వాడి, బార్దెజ్ తాలూకాల్లో 81 కుటుంబాలను తీసుకుంది. కొన్ని కుటుంబాలకు ఆరు నెలల పాటు ఇంటికి ఒక సలహాదారు కనీసం పదిహేను రోజులకొకసారి వచ్చేలా ఏర్పాటు చేసింది. ఆ సలహాదారులు డాక్టర్లు కారు, నర్సులూ కారు. స్థానిక భాష వచ్చి, ఓపిక ఉండి, కొద్దిపాటి శిక్షణ పొందినవాళ్ళు. వెనకాల ఒక మానసిక వైద్యుడు అండగా ఉన్నాడు. 2008లో ఫలితాలు ప్రచురించారు. సలహాదారు వచ్చిన ఇళ్ళలో చూసుకునేవాళ్ళ మనసు కుదుటపడింది, భారం తగ్గిందనిపించింది. రోగి జబ్బు తిరిగిపోలేదు, పోదు కూడా. ఇంట్లో బతుకు మాత్రం తేలికైంది. మనం ఆశించగలిగినది, ఆశించవలసినది అదే. శిక్షణ మొదటి గంటలోనే ఈ మాట కార్యకర్తలకు స్పష్టంగా చెప్పేయండి. నయం చేయలేకపోతే వెళ్ళి లాభమేమిటన్న నిరాశ వాళ్ళను త్వరగా కుంగదీస్తుంది.

మీ వార్డులో ఎంతమంది ఉండవచ్చు? వృద్ధుల్లో డిమెన్షియాను కొలిచిన లాసీ-డాడ్ సర్వే ప్రకారం మన దేశంలో అరవై దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉంది, అంటే సుమారు 88 లక్షల మంది. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో, పట్టణాలకన్నా పల్లెల్లో ఎక్కువ. ఒక కార్యకర్త కింద 2,500 మంది ఉండి, వాళ్ళలో 250 మంది అరవై దాటినవాళ్ళనుకుంటే, ఈ లెక్కన పద్దెనిమిది మంది దాకా ఉండాలి. మీ రిజిస్టరులో ఎంతమంది ఉన్నారో ఒకసారి చూడండి. ఇద్దరో ముగ్గురో కనిపిస్తే మిగతావాళ్ళు లేరని కాదు, లోపలి గదిలో ఉన్నారని.

పుదుచ్చేరికి వైద్యం కరువు కాదు. 1823లో ఫ్రెంచివాళ్ళు పెట్టిన వైద్య పాఠశాల నుంచి పెరిగిన జిప్‌మర్ గోరిమేడులో ఉంది, ఊరి నడిబొడ్డున ఇందిరాగాంధీ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, కురుసుకుప్పంలో జిప్‌మర్ వాళ్ళదే పట్టణ ఆరోగ్య కేంద్రం ఉంది. అయినా సముద్రం ఒడ్డున వైతికుప్పం, కురుసుకుప్పం లాంటి జాలరి పేటల్లో ఒక ముసలావిడను ఆసుపత్రికి తీసుకెళ్ళాలంటే ఒక మనిషి ఒకరోజు కూలి పోగొట్టుకోవాలి. ఆటోలో ఆమె భయపడి అరుస్తుంది, ఓపీ వరసలో కుదురుగా కూర్చోదు. రెండుసార్లు అలా అయ్యాక మూడోసారి ఎవరూ తీసుకెళ్ళరు. దూరం కిలోమీటర్లలో లేదు. అందుకే ఆసుపత్రికీ ఇంటికీ మధ్య నడిచే మనిషి కావాలి.

ఇక భాష. ఈ ఊళ్ళో తమిళం ఊరి భాష, కానీ ఇళ్ళలో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. యానాం నుంచి ఉద్యోగాల మీద, చదువుల మీద వచ్చి స్థిరపడ్డవాళ్ళు ఉన్నారు. జబ్బు ముదిరేకొద్దీ తర్వాత నేర్చుకున్న భాష ముందుగా జారిపోవడం చాలామందిలో కనిపిస్తుంది. నలభై ఏళ్ళు బజారులో గడగడా తమిళం మాట్లాడిన అవ్వ ఇప్పుడు పుట్టింటి తెలుగులోనే జవాబిస్తుంది, లేదా అసలు ఇవ్వదు. తమిళం మాత్రమే తెలిసిన కార్యకర్త ఆమెను చూసి "ఏమీ అర్థం కావడం లేదు" అని రాసుకుంటుంది. అర్థం కానిది అవ్వకు కాదు. మీ బృందంలో తెలుగు వచ్చినవాళ్ళు ఎవరో ముందే గుర్తుపెట్టుకుని ఇలాంటి ఇళ్ళు వాళ్ళకు అప్పగించండి. లేకపోతే కుటుంబంలో ఒకరి ద్వారా అడగండి. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవాళ్ళలో లక్షణాలు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయని 2013లో చూపించింది. చదువు రానివాళ్ళలోనూ ఆ తేడా కనిపించింది. పుదుచ్చేరి లాంటి ఊరికి ఇది మంచి మాటే. కానీ ఆలస్యంగా వచ్చినా వచ్చిన తర్వాత ఏ భాషలో పలకరించాలో మనకు తెలియాలి కదా.

ఇప్పుడు ప్రశ్నలు వేయడం గురించి. బడి ముఖం చూడని మనిషిని ఈరోజు తేదీ ఎంత, వందలోంచి ఏడు తీసేస్తే ఎంత అని అడిగితే జబ్బు లేకున్నా తప్పు జవాబే వస్తుంది. హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో అక్షరం రాని వృద్ధుల మధ్య పనిచేసిన పరిశోధకులు ఈ ఇబ్బంది గమనించి, రోజువారీ పనులు ఎలా చేసుకుంటున్నారో ఇంట్లోవాళ్ళను అడిగే ప్రశ్నలు తయారుచేశారు. మీరూ ఆ దారినే వెళ్ళండి. అయితే మన ఊరి పనుల్లోంచి అడగమనండి. చేపలమ్మిన డబ్బులు ముందులాగే లెక్క చూసుకుంటోందా? కూరలో ఉప్పు రెండుసార్లు పడుతోందా? స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోతోందా? గుడికి వెళ్ళి దారి తప్పిందా? పింఛను తీసుకున్న రోజే ఆ డబ్బు ఎక్కడ పెట్టిందో తెలియక ఇల్లంతా వెతుకుతోందా? ప్రతి ప్రశ్నకూ వెనక ఇంకో ప్రశ్న ఉండాలి: రెండేళ్ళ కింద ఎలా ఉండేది? పుట్టిన దగ్గర్నుంచీ వంట రాని తాతను పట్టుకుని వంట మరిచిపోయాడని రాయకూడదు. మార్పు ముఖ్యం. మొదటి ప్రశ్న పెద్దావిడనే అడగాలి, ఆమె ముందు ఆమె గురించి వేరేవాళ్ళను అడగడం మర్యాద కాదు. మిగతావి కోడలినో కూతురినో వాకిట్లోకి వచ్చినప్పుడు అడగాలి.

డిమెన్షియా కానివాటి గురించి చెప్పకపోతే శిక్షణ ప్రమాదకరం. మనిషి రెండు మూడు రోజుల్లోనే మారిపోయి, పగలు మత్తుగా రాత్రి అలజడిగా ఉండి, లేనివి కనిపిస్తున్నాయంటే అది డిమెన్షియా ఒక్కటే అనుకోకూడదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఊపిరితిత్తుల్లో నిమ్ము, ఒంట్లో నీరు తగ్గడం, ఉప్పు తగ్గడం, కొత్తగా వేసిన మాత్ర, ఇలాంటిదేదో కారణం కావచ్చు. ఆరోజే ఆసుపత్రికి పంపాలి. కొద్ది రోజుల కింద జారిపడి తలకు దెబ్బ తగిలి, ఇప్పుడు తికమకపడుతుంటే అదీ అంతే. బి12 విటమిన్ లోపం, థైరాయిడ్, దిగులు జబ్బు, ఇవి కూడా మతిమరుపులా కనిపిస్తాయి, మందుతో సర్దుకునే అవకాశం ఉంటుంది. చెవులు వినపడని మనిషి తప్పుగా జవాబిస్తాడు, దాన్నీ మతి తప్పడం కిందే జమకడతాం. ఒక కార్యకర్త తన ఉద్యోగమంతటిలో ఇలాంటివాళ్ళను ఇద్దరిని పట్టుకున్నా మీ శిక్షణ ఖర్చు వచ్చేసినట్టే.

జబ్బు పేరు ఇంట్లో చెప్పడం డాక్టరు పని. దాన్ని ఇంట్లో అర్థమయ్యేలా నిలబెట్టడం కార్యకర్త పని. "మీ అత్తగారు కావాలని చేయడం లేదమ్మా, మెదడులో జబ్బు చేయిస్తోంది" అన్న ఒక్క వాక్యం కొన్ని ఇళ్ళలో ఏళ్ళ తగువును ఆపుతుంది. ఆ వాక్యం కోడలికి ఒక్కదానికే కాదు, కొడుకు కూడా ఇంట్లో ఉన్నప్పుడు చెప్పమనండి. కోడలి మాట అప్పటిదాకా ఎవరూ నమ్మి ఉండరు.

ఇక రెండోసారి వెళ్ళడం. దీన్ని స్లైడ్ల మీద నేర్పలేరు. కుర్చీలు గోడకు జరిపి, గది మధ్యలో ఆడించి చూపించాలి. ఒక కార్యకర్తను అత్తగారిగా కూర్చోబెట్టండి. ఇంకొకరు కోడలు. అత్తగారు మొదలుపెడుతుంది.

"నా గొలుసు నువ్వే దాచావు."

కోడలుగా ఉన్నామె నూటికి తొంభైసార్లు ఏమంటుందో చూడండి. "నేనెందుకు తీస్తానత్తయ్యా? నిన్న మీరే బీరువాలో పెట్టుకున్నారు కదా!" అంటుంది. అత్తగారి గొంతు పెరుగుతుంది. రెండు నిమిషాల్లో గదిలో నిజమైన పోట్లాట తయారవుతుంది. అప్పుడు ఆపండి. మళ్ళీ మొదటినుంచి ఆడించండి.

"నా గొలుసు నువ్వే దాచావు."

"గొలుసు కనపడక కంగారు పడుతున్నారా అత్తయ్యా? రండి, ఇద్దరం చూద్దాం."

వెతుకుతూ వెతుకుతూ, "మీ పెళ్ళికి పెట్టిందా అది?" అని అడిగితే మాట పుట్టింటి మీదికి మళ్ళుతుంది, గొలుసు వెనకబడుతుంది. ఇది అబద్ధం చెప్పడం కదా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. మంచి ప్రశ్న, దాటేయకండి. గొలుసు తీశానని ఒప్పుకోవడం లేదు, తీయలేదని వాదించడమూ లేదు. ఆమె భయానికి జవాబు చెబుతున్నాం. ఆ తర్వాత అత్తగారుగా కూర్చున్న కార్యకర్తను రెండుసార్లూ నీకేమనిపించిందని అడగండి. మొదటిసారి ఒంటరిగా అనిపించిందని ఆమె నోటితోనే వస్తే, మీ అరగంట ఉపన్యాసం అవసరం లేదు.

స్నానం ఇంకో పెద్ద తగువు. ఈ ఊరి ఉక్కపోతలో రెండురోజులు స్నానం లేకపోతే ఒళ్ళు వాసన వేస్తుంది, గజ్జల్లో పుండ్లు పడతాయి. కాబట్టి ఇంట్లోవాళ్ళు లాక్కెళ్ళి నెత్తిన చెంబుతో చన్నీళ్ళు గుమ్మరిస్తారు. ఆమె కొడుతుంది, కొరుకుతుంది. కార్యకర్త ఇంటిమనిషి పక్కన నిలబడి ఒకసారి చేయించాలి. గోరువెచ్చని నీళ్ళు, ఎత్తు తక్కువ స్టూలు, భుజాల మీద పొడి తువ్వాలు కప్పి ఉంచడం, ముందు పాదాల మీద పోయడం, తర్వాత మోకాళ్ళు, ప్రతిసారీ "ఇప్పుడు చేతుల మీద పోస్తానమ్మా" అని చెప్పి పోయడం, తల చివర్న. ఆమె అలవాటు ప్రకారం ఉదయమైతే ఉదయమే. వద్దని గట్టిగా అంటే ఆపి, గంట తర్వాత మళ్ళీ. తడిగుడ్డతో తుడిచిన రోజు కూడా స్నానం కిందే లెక్క. ఆడమనిషికి ఆడవాళ్ళే చేయించడం, ముందు హుక్కులున్న జాకెట్టు, మగవాళ్ళకు నడుముకు ఎలాస్టిక్ ఉన్న లుంగీ, ఇవన్నీ చిన్నవే. ఇల్లు నడిచేది చిన్నవాటి మీదే.

ముదలియార్‌పేటలో ఒకప్పటి మిల్లు కార్మికుడు తెల్లవారుజామున లేచి, షిఫ్టుకు వేళైందని చొక్కా వేసుకున్నాడనుకోండి. ఆయన పనిచేసిన ఏఎఫ్‌టి మిల్లు 2020లో మూతపడిందని ఎంత చెప్పినా ఆయనకు ఎక్కదు. ఒకవేళ ఎక్కితే అది ఇప్పుడే తగిలిన దెబ్బ అవుతుంది. "టీ తాగి వెళ్దురు గాని నాన్నా, కూర్చోండి" అంటే పది నిమిషాలు గడుస్తుంది. మిల్లులో మీరు చేసిన పనేమిటని అడిగితే మరో అరగంట. కానీ ఆ ఒక్క ఉపాయం మీద ఇల్లు వదిలేయకూడదు. తలుపు గొళ్ళెం ఆయన చూపు ఆనని చోట, పైకో కిందికో మార్పించాలి. బయటికి వెళ్ళినప్పుడు గుర్తుపట్టేలా ఇటీవలి ఫొటో ఫోన్లో ఉంచాలి. చొక్కా లోపల ఫోను నంబరు కుట్టాలి. వీధి చివర టీ కొట్టు వాళ్ళకు, ఆటో స్టాండు వాళ్ళకు ముందే చెప్పాలి. ఇలా చెప్పడానికి కొడుకులు సిగ్గుపడతారు. కార్యకర్త వాళ్ళతోపాటు టీ కొట్టుదాకా నడిస్తే ఆ సిగ్గు సగం పోతుంది. తాళం వేసి ఒంటరిగా వదిలి వెళ్ళడం, మంచానికి కట్టేయడం మాత్రం ఒప్పుకోవద్దని గట్టిగా నేర్పండి. అలా కట్టేసిన ఇంట్లో తిట్టవద్దు. వాళ్ళకు ఎవరూ తోడు లేక అలా చేశారేమో ముందు కనుక్కోమనండి, ఆ రోజే మీకు ఫోను చేయమనండి.

నిద్రపట్టే మాత్రలు అడిగే కుటుంబాలు చాలా ఉంటాయి. మందుల షాపులో చెప్పి కొనుక్కునేవాళ్ళూ ఉంటారు. కొన్ని మత్తు మందులు, మానసిక వైద్యంలో వాడే కొన్ని మందులు డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో పక్షవాతం, మరణం ముప్పును పెంచుతాయి. డాక్టరు చూసి రాస్తే తప్ప వద్దని, రాసినా ఎన్నాళ్ళు వాడాలో అడగమని కార్యకర్త చెప్పగలగాలి. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసి ఆసుపత్రికి తీసుకురమ్మనడం ఆమె చేయగల మంచి పనుల్లో ఒకటి.

ప్రతి సందర్శనలోనూ కనీసం పది నిమిషాలు చూసుకునే మనిషి కోసం పెట్టాలి. సాధారణంగా ఆమె కోడలో, భార్యో, పెళ్ళి కాకుండా ఇంట్లో ఉండిపోయిన కూతురో. ఆమెను రోగి గురించి కాదు, ఆమె గురించి అడగాలి: రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయావు? కిందటిసారి నువ్వు ఒంటరిగా బయటికి వెళ్ళింది ఎప్పుడు? ఈ రెండు ప్రశ్నలకు జవాబులు రిజిస్టరులో రాయమనండి. నెల నెలా ఆ జవాబులు దిగజారుతుంటే రోగి కన్నా ముందు ఆమెకే సాయం అందాలి. వారానికి రెండు గంటలు పక్కింటివాళ్ళో, వేరే ఊళ్ళో ఉన్న ఆడపడుచో వచ్చి కూర్చునే ఏర్పాటు కుదర్చడం కార్యకర్త వల్ల అవుతుంది. పెద్దమనిషి తరహాలో కాదు, "అక్క మొన్న కళ్ళు తిరిగి పడిపోయిందంట, శుక్రవారం సాయంత్రాలు నువ్వు రాగలవా" అని అడిగితే చాలామంది కాదనరు. చనిపోవాలని ఉంది, చంపేయాలనిపిస్తోంది అనే మాట ఆమె నోట వస్తే విననట్టు దాటేయకూడదు. 14416కు ఫోను చేస్తే ప్రభుత్వ మానసిక సహాయ సేవ టెలిమానస్‌లో తెలుగులో కూడా మాట్లాడతారు. పెద్దవాళ్ళను కొడుతున్నారని, ఆస్తి కోసం వేధిస్తున్నారని తెలిస్తే 14567 ఎల్డర్‌లైన్ ఉంది. ఈ రెండు నంబర్లు కార్యకర్త ఫోన్లో ఆరోజే సేవ్ చేయించి గది వదలండి.

నివారణ గురించి ఒక మాట. లాన్సెట్ కమిషన్ 2024లో 14 కారణాలు లెక్కగట్టి, వాటిని సరిదిద్దుకోగలిగితే ప్రపంచంలో సుమారు 45 శాతం డిమెన్షియాను ఆపడమో ఆలస్యం చేయడమో సాధ్యమని చెప్పింది. బీపీ, షుగరు, పొగ, మద్యం, వినికిడి, చూపు, తలకు దెబ్బలు, ఒంటరితనం వాటిలో ఉన్నాయి. వీటిలో చాలావాటి కోసం మీ కార్యకర్తలు ఇప్పటికే ఇళ్ళ చుట్టూ తిరుగుతున్నారు. నలభై ఏళ్ళ కొడుకు బీపీ మాత్ర మానేస్తే, వాళ్ళమ్మ మంచం చూపించి అడిగే హక్కు వాళ్ళకు ఉంది.

మీ బాధ్యతకు వస్తాను, ఎందుకంటే చాలా శిక్షణలు ఇక్కడే కూలిపోతాయి. కార్యకర్తకు ఇప్పటికే గర్భిణులున్నారు, టీకాలున్నాయి, డెంగ్యూ సర్వే ఉంది. దీన్ని వాటి పైన ఊరికే పెట్టేస్తే ఆమె చేయదు, చేయకపోతే తప్పూ కాదు. ఈ సందర్శనలకు ప్రయాణ ఖర్చు, గౌరవ వేతనం ఏ పద్దు నుంచి వస్తాయో శిక్షణకు ముందే తేల్చుకోండి. ఆమె పంపిన రోగిని జిప్‌మర్‌లోనో ప్రభుత్వ ఆసుపత్రిలోనో ఏ రోజు, ఏ విభాగంలో చూస్తారో మాట్లాడి, ఓపీ వరసలో గంటలు కూర్చోవలసిన పని లేకుండా ఒక చీటీ పద్ధతి ఒప్పించండి. ఆ చీటీ మీద డాక్టరు ఏం తేల్చారో రెండు ముక్కలు రాసి కార్యకర్తకు తిరిగి పంపాలి. తను పంపిన మనిషికి ఏమైందో తెలియని కార్యకర్త ఇంకొకరిని పంపదు.

మొదటి నెల ఒక్కొక్కరికీ రెండిళ్ళకు మించి ఇవ్వకండి. పదిహేను రోజులకొకసారి వెళ్ళడం, ఇంట్లో ఒక్క ఇబ్బందిని మాత్రమే తీసుకుని దాని మీద పనిచేయడం. స్నానమైతే స్నానం, రాత్రి నిద్రైతే రాత్రి నిద్ర. నెలాఖరు సమావేశంలో గంటసేపు ఈ ఇళ్ళ కోసమే ఉంచి, అంకెలు కాకుండా ఏ ఇంట్లో ఏం ప్రయత్నించారో, ఏది పనిచేయలేదో చెప్పించండి. ఒకరి ఇంట్లో ఉపాయం విఫలమైన చోట ఇంకొకరి దగ్గర మార్గం ఉంటుంది. మీరు కూడా నెలకు ఒక్క ఇంటికైనా వాళ్ళతో వెళ్ళండి, మాట్లాడటానికి కాదు, పక్కన కూర్చోవడానికి. రెండో నెలలో మూడో ఇల్లు కలపవచ్చు. సీబ్యాక్ ఫారాల కట్ట మళ్ళీ తీసి, అవును అన్న గడిలో టిక్కు పడి ఆగిపోయిన పేర్లన్నీ వరసగా రాసుకుంటే ఆ మూడో ఇల్లు ఎక్కడుందో మీకే తెలుస్తుంది.